అల్బేనియా తీరం ఎవరి పేరున ఉంది?

(స్త్రీలు - భూమి హక్కులు అనే అంశంపై జరిగిన కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పర్యాటకం గురించి మాట్లాడమన్నారు. నేను భూమి గురించి మాట్లాడతాను. అల్బేనియాలో ఈ రెండింటినీ విడదీసి చూడలేం.

గ్రీసుకు ఉత్తరాన, ఇటలీకి ఎదురుగా సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉన్న చిన్న దేశం అది. 2023 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 24 లక్షల మంది. అదే ఏడాది ఆ దేశానికి వచ్చిన విదేశీయులు కోటి దాటారు. ఇంట్లో నలుగురుంటే పదహారు మంది చుట్టాలు దిగినట్టు. ఆ చుట్టాలకు వండి వార్చేదెవరో, పక్కలు సర్దేదెవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఒకప్పుడు ఇదే దేశం తలుపులు బిగించుకు కూర్చుంది. ఎన్వర్ హోజా 1985లో చనిపోయేదాకా ఆయన మాటే శాసనం. బయటివాళ్ళు రావాలంటే అల్బ్‌టూరిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా, గుంపుగా, గైడు వెంట తిరగాల్సిందే. మగవాళ్ళకు గడ్డం ఉంటే సరిహద్దులోనే క్షవరం, ఆడవాళ్ళకు పొట్టి గౌన్లు నిషేధం. (ఆడవాళ్ళ బట్టల కొలతలు చూడని రాజ్యం ఎక్కడైనా ఉందా అని నాకు అనుమానమే.) దక్షిణాన సరాండా, క్సామిల్ తీరం నుంచి గ్రీసు వారి కోర్ఫు ద్వీపం కంటికి కనిపిస్తుంది. ఈదుకుంటూ అటు పారిపోబోయిన వాళ్ళను కాపలా సైనికులు కాల్చేవారు. ఇవాళ ప్రచార చిత్రాల్లో మెరిసే నీలి నీళ్ళు అవే. అంచేత ఆ కాలం బాగుందని చెప్పడానికి నేను నిలబడలేదు. తర్వాత వచ్చిన కాలం ఎవరికి బాగుందన్నదే నా ప్రశ్న.

1991 జూలైలో 7501వ నంబరు భూమి చట్టం వచ్చింది. సహకార వ్యవసాయ క్షేత్రాల భూమిని అక్కడ పనిచేసిన కుటుంబాలకు పంచారు. తలకింత అని లెక్క కట్టారు. ఆ లెక్కలో ఆడవాళ్ళూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. చట్టం దృష్టిలో ఆ భూమి ఇంటిల్లిపాదికీ ఉమ్మడి ఆస్తి. కానీ కుటుంబానికి కాగితం ఒకటే, దాని మీద పేరు కుటుంబ పెద్దది. పెద్ద అంటే ఎవరో, మన పాసుపుస్తకాలు తిరగేసిన మీకు తెలియనిదా? తలలు లెక్కపెట్టేటప్పుడు ఆడది కూడా తలే, పేరు రాసేటప్పుడు మాత్రం కాదు.

దాని మీద ఇంకో చిక్కు. 1993లో, కమ్యూనిస్టులకు ముందున్న పాత యజమానులకు భూములు తిరిగి ఇస్తామని, లేదా పరిహారం ఇస్తామని వేరే చట్టం తెచ్చారు. దాంతో ఒకే ఆలివ్ తోటకు ఇద్దరు హక్కుదారులు. ఆ తగాదాలు ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి. ఈ లోపల మగవాళ్ళు చాలామంది గ్రీసుకూ ఇటలీకీ కూలికి పోయారు. వాళ్ళు పంపిన డబ్బుతో తీరం పొడుగునా ఇళ్ళు లేచాయి. ఎక్కువ వాటికి అనుమతులు లేవు, అడిగితే ఇచ్చే వ్యవస్థా లేదు. వేసవిలో ఆ ఇళ్ళల్లో గదులు అద్దెకిచ్చుకుని బతికారు. అదీ అక్కడి పర్యాటకం పుట్టిన తీరు. దాన్ని ఏ విధానమూ పుట్టించలేదు.

విధానం ఎప్పుడు వచ్చిందంటే బుల్డోజరుతో వచ్చింది. జాల్ అనే చిన్న తీర గ్రామం సంగతి వివరంగా చెబుతాను. తీరప్రాంత నిర్వహణ, పరిశుభ్రత అనే పేరుతో 2005లో ప్రపంచ బ్యాంకు ఒక ప్రాజెక్టుకు అప్పు మంజూరు చేసింది. 2007 ఏప్రిల్‌లో నిర్మాణాల పోలీసులు జాల్‌లో దిగి కొన్ని కుటుంబాల ఇళ్ళు పూర్తిగానో కొంతమేరకో కూల్చేశారు. అక్రమ కట్టడాలన్నారు. తీరమంతా అలాంటి కట్టడాలే ఉంటే ఈ ఊరే ఎందుకు? బాధితులు ఊరుకోలేదు. బ్యాంకు తనిఖీ పానెల్‌కు ఫిర్యాదు రాశారు. పానెల్ విచారణ చేసి, ఆ కూల్చివేతలకు ప్రాజెక్టుతో సంబంధం ఉందని తేల్చింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి బయటపెట్టింది. కూల్చివేతలు ఆపుతామని అల్బేనియా ప్రభుత్వం ముందే ఒప్పుకుందని బ్యాంకు అధికారులు తమ బోర్డుకు చెప్పారు. అలాంటి ఒప్పందమేదీ లేదు! 2009లో బ్యాంకు ఆ ప్రాజెక్టును నిలిపివేసింది. అప్పటి అధ్యక్షుడు రాబర్ట్ జోలిక్ ఈ వ్యవహారంలో బ్యాంకు తీరు దారుణమని బహిరంగంగా ఒప్పుకున్నాడు.

ఇక్కడ మనకు పట్టే విషయం ఒకటుంది. ఇల్లు కూలితే యజమానికి కనీసం ఫిర్యాదు చేయడానికి ఒక హోదా ఉంటుంది. ఆ ఇంట్లో గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికి, వచ్చినవాళ్ళకు వండిపెట్టిన మనిషి పేరు కాగితం మీద లేకపోతే ఆమె ఏ హోదాలో అడగాలి? పోయింది ఆమె పని కూడా. ఆ పనిని జీతం లేని కుటుంబ సహాయం అంటారు.

తర్వాత కథ తొందరగా చెబుతాను. 2015లో వ్యూహాత్మక పెట్టుబడుల చట్టం. 2017 చివర్లో, పేరున్న అంతర్జాతీయ సంస్థల కింద నడిచే పెద్ద నక్షత్రాల హోటళ్ళకు పదేళ్ళపాటు లాభాల మీద పన్ను మినహాయింపు. 2024 ఫిబ్రవరిలో రక్షిత ప్రాంతాల చట్టాన్ని సవరించి అక్కడ ఐదు నక్షత్రాల హోటళ్ళకు దారి తెరిచారు. వ్యోసా నదిని జాతీయ ఉద్యానంగా ప్రకటించి అప్పటికి ఏడాదే. ఆ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోని జ్వెర్నెట్స్ మీదా, వ్లోరా ఎదుటి సజాన్ ద్వీపం మీదా జారెడ్ కుష్నర్ కంపెనీ కన్నేసింది. గది అద్దెకిచ్చే ఇల్లాలికి బుల్డోజరు, కోటీశ్వరుడికి చట్ట సవరణ. 1990ల్లో ఇదే వ్లోరా నుంచి ఎందరో ఆడపిల్లలను రాత్రిపూట స్పీడు పడవల్లో ఇటలీకి తరలించి అమ్మారు. అప్పుడు ఆ తీరాన్ని కాపాడడానికి ఇంత చురుకైన ప్రభుత్వం కనిపించలేదు.

మన దగ్గర కూడా తీరాల మీద పర్యాటక ప్రణాళికలు వస్తున్నాయి. ప్రణాళిక మంచిదా చెడ్డదా అని వాదించే ముందు ఆ ఊళ్ళో అడంగల్ తీసి ఎన్ని ఆడపేర్లున్నాయో లెక్కపెట్టండి. జాల్ వాళ్ళు తలుపు తట్టిన ఆ తనిఖీ పానెల్ 1993లో ఏర్పడింది, నర్మద నిర్వాసితుల పోరాటం తెచ్చిన ఒత్తిడి దానికి ఒక ప్రధాన కారణం. ప్రపంచ బ్యాంకు డబ్బు ఉన్న ప్రాజెక్టయితే నష్టపోయినవారు ఇద్దరు కలిసినా ఫిర్యాదు ఇవ్వొచ్చు. పట్టా ఉండాలన్న షరతు లేదు. తెలుగులో రాసినా తీసుకోవాల్సిందే.