మంచినీరు – పంచాయతీ ధర్మము



మన సంఘ మహాసభలయందు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయమును తగ్గించుటను గూర్చియు తీర్మానములు గావించుట పరిపాటి. అవి యన్నియు ఆవశ్యకములే. కాని త్రాగునీటిలోనే రోగబీజమున్నప్పుడు ఏ తీర్మానమును ఫలింపదు. కావున స్థానిక స్వపరిపాలనమునకును మన ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చి కొలది మాటలు మనవి చేసెదను.

ఒకవైపు నల్లమల, ఒకవైపు వెలిగొండ. నడుమ సగిలేరు, గుండ్లకమ్మ. ఇది మన సీమ. 1970లో గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములను కర్నూలు జిల్లానుండి వేరుచేసి, నూతనముగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేర్చిరి. జిల్లా మారెను గాని దాహము తీరలేదు. వానలు తక్కువ, బోర్లు నానాటికి లోతునకు దిగినవి. రాతిపొరలలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగి యుండును. నెల్లూరు జిల్లాలో ఈ నీటివలన కలుగు ఎముకల వ్యాధిని గూర్చి షార్టు మున్నగు వైద్యులు 1937లోనే లోకమునకు వెల్లడించిరి. నేడు మనకు పొరుగున నున్న కనిగిరి, పొదిలి, దర్శి సీమలు నాడు ఆ జిల్లాలోనివే.

ఈ వ్యాధి మొదట బిడ్డల పండ్లపై గారగా కనబడును. పిదప కీళ్లు బిగియును. తుదకు వెన్నెముక వంగును. వంగిన వెన్నును నిలువబెట్టు మందు లేదు. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కనగును. కావున దీనికి వైద్యుడు ఆసుపత్రిలో లేడు. పంచాయతీ కార్యాలయములో నున్నాడు.

ఇది క్రొత్త మాట కాదు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టము మంచినీటి వసతిని స్థానిక సంస్థల బాధ్యతగా నిర్ణయించెను. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణమువలన చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గలవు. త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు సంక్షేమము, వికలాంగుల సంక్షేమము అందులోనివే. గిద్దలూరు వంటి నగర పంచాయతీలకు పండ్రెండవ షెడ్యూలు వర్తించును.

మన దాతలు చలివేంద్రములు పెట్టిరి, నీటిశుద్ధి యంత్రములు నెలకొల్పిరి. వారికి మన వందనములు. అయినను డబ్బానీరు కొనగలవాడు కొనును. కొనలేని కూలివాడు బోరునీరే త్రాగును. పూర్వము ఏ కులపు బావి ఆ కులమునకే యుండెను. పంచాయతీ కుళాయి యన్ననో, అందరిది. దానము దయచే వచ్చును. పంచాయతీ నీరు హక్కుచే రావలెను. మన సంఘము దానము చేయుటతో తృప్తి చెందక, ఊరందరికొరకు ఆ హక్కును అడుగుటయందు ముందుండవలెను.

అడుగవలసినవి మూడు. మొదటిది: గ్రామసభలో ప్రతి బోరునీటిని పరీక్షింపించి, ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయింపుడు. లీటరునకు 1 మిల్లీగ్రాము మేలు. వేరు గతి లేనిచోట 1.5 మిల్లీగ్రాములు హద్దు అని భారతీయ ప్రమాణము. హద్దు మీరిన బోరునీటిని త్రాగుటకు, వంటకు వాడకుండ చేయింపుడు. రెండవది: చెరువులను, కుంటలను పూడిక తీయింపుడు. గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభము చెరువు విజయనగర కాలము నాటిది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు నందెను. వాననీటిలో ఫ్లోరైడు స్వల్పము. దానిని నిలుపుటయే మన పూర్వులు చూపిన మార్గము. మూడవది: ఇప్పటికే నడుము వంగినవారికి వైకల్య ధ్రువపత్రమును, పింఛనును ఇప్పించుటకు మన యువకులు సచివాలయమునకు తోడు వెళ్లవలెను.

ఓటునాడు మన కులమువాడెవడని విచారించు మనము, మరునాడు మన బోరునీరెట్టిదని విచారింపకున్నచో, ఆ గెలుపువలన మన బిడ్డలకు ఒరుగునది లేదు. వచ్చు మహాసభకు ప్రతి గ్రామశాఖయు తన ఊరి నీటిపరీక్ష పత్రమును తేవలెనని తీర్మానింప ప్రార్థించుచున్నాను.