పొగ పోయే దారి, గాలి వచ్చే దారి

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో 1954లో ఏర్పడగా, దాని ఇంజినీరింగ్ కళాశాల 1959లో మొదలైంది. ఆనాటి పట్టభద్రులలో అనేకులకు కొలువు కోసం మద్రాసు రైలెక్కవలసి వచ్చింది. సత్యవేడు, తడ ప్రాంతాలలో శ్రీసిటీ వెలసి, అక్కడ ఇసుజు సంస్థ 2016లో వాహనాల తయారీని ప్రారంభించి తరువాత ఇంజిన్ల కూర్పును కూడా చేపట్టడంతో, నేడు పట్టాలు అందుకుంటున్నవారికి ఇంజిన్ పరీక్ష బస్సు ప్రయాణమంత దూరంలోని వృత్తి అయింది. పట్టాల ప్రదాన వేదికపై పొగ ప్రస్తావన కొంత అమర్యాదగా తోచినా, నాలుగు గోడల మధ్య ఇంజిన్‌ను నడిపించేవారి ప్రాణం ఆ పొగను బయటికి పంపే ఏర్పాటుపైనే ఆధారపడి ఉంటుంది.

టర్బో లేని రెండు లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 4,000 లీటర్ల గాలిని పీలుస్తుంది; 600 డిగ్రీల సెల్సియస్ వేడితో వెలువడేసరికి ఆ వాయువు దాదాపు మూడింతల చోటు ఆక్రమిస్తుంది. దీనిని ఫ్యాన్‌తో లాగే గొట్టాన్ని సైలెన్సర్‌కు బిగుతుగా కలిపితే, వెలుపలికి పోయే వాయువు ఎదుర్కొనే నిరోధం, అనగా వెనుక పీడనం, ఫ్యాన్ లాగుడును బట్టి మారి, కొలిచే శక్తి అంకెలే తప్పుతాయి. అందువల్ల రెండింటి మధ్య ఖాళీ విడిచి గరాటు వంటి మూతిని అమర్చడం సాధారణ పద్ధతి. ఆ సందులోంచి చొరబడే గది గాలి వాయువును చల్లార్చి ఫ్యాన్‌ను కాపాడుతుంది కానీ, లాగవలసిన మొత్తాన్ని పెంచుతుంది.

ఎందరో రూపకర్తలు ఫ్యాన్ పరిమాణం దగ్గరే ఆగిపోతారు, అసలు చిక్కు దాని తరువాతనే మొదలవుతుంది. బయటికి పోయినంత గాలి లోపలికి రాకపోతే గదిలో పీడనం పడిపోయి, తలుపులు తెరుచుకోవడం కష్టమై, ఎంత పెద్ద ఫ్యాన్ అయినా లాగలేని స్థితికి చేరుతుంది. తిరుపతి మే నెల ఎండలో ఆ రాకగాలి వేడిగా, పలుచగా ఉంటుంది కనుక పరీక్షా ఫలితాన్ని కూడా మారుస్తుంది. బయటికి పంపిన పొగే మళ్ళీ లోనికి రాకుండా, లోనికి గాలి తీసుకునే కిటికీ పొగగొట్టం మూతికి దూరంగా, గాలివాటుకు ఎదురువైపున ఉండాలి.

ఇక పొగను మోసే ఉక్కు గొట్టం పది మీటర్లకు 500 డిగ్రీల వేడి పెరుగుదలలో సుమారు ఆరు సెంటీమీటర్లు సాగుతుంది కనుక ఆ సాగుడును ఇముడ్చుకునే మడతల జోడింపు అవసరం. ఒక లీటరు డీజిల్ కాలినప్పుడు ఇంచుమించు లీటరు నీరు పుట్టి, చల్లని గొట్టంలో మసితో కలిసి నిలుస్తుంది కనుక వాలు, అడుగున కాలువ అవసరం.

డీజిల్ పొగను క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో వర్గీకరించింది. అయితే అంతకన్నా వేగంగా చంపేది కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, బరువులో గాలికి సమీపం కనుక గదంతా కలిసిపోతుంది. దీనిని పసిగట్టే పరికరం మనిషి ముక్కు ఎత్తున ఉండాలి. గొట్టంలో ప్రవాహం ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతే ఇంధనాన్ని వదిలే అనుసంధానం కూడా తప్పనిసరి. ఫ్యాన్ మోటారుకు కరెంటు అందుతున్నదని చూపే దీపం అందుకు చాలదు, ఎందుకంటే బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది.