దాచుకోవద్దు అక్కల్లారా



పోయిన ఏడాది మా సంఘంలో ఒక అక్కను పోగొట్టుకున్నాం. ముట్లు నిలిచినాక మళ్ళీ రక్తం కనబడింది. సిగ్గుపడి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. నెలనెలా పొదుపు కట్టి మా పక్కనే కూచునేది. మేమూ అడగలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ఒక్కరోజులో రాదు. హెచ్‌పీవీ అనే వైరస్‌తో మొదలై, ముదరడానికి ఏండ్లు పడుతుంది. అందుకే ముందుగా పట్టుకోవచ్చు.

పక్కనున్న తమిళనాడులో, దిండిగల్ జిల్లా పల్లెల్లో 2000 నుంచి పరిశోధన చేసినారు. 30 నుంచి 59 ఏండ్ల ఆడవాళ్ళకు, శిక్షణ పొందిన నర్సులే వెనిగర్ లాంటి మందు పూసి చూసినారు. తేడా ఉన్న చోటు తెల్లగా కనబడుతుంది. 31 వేల మందికి పైగా పరీక్ష చేయించుకున్నారు. తేడా ఉన్నవాళ్ళకు చికిత్స చేసినారు. 2007లో ఫలితాలు వచ్చినాయి. పరీక్ష పెట్టని ఊర్లతో పోలిస్తే, పెట్టిన ఊర్లలో ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తక్కువ. వాళ్ళూ మనలాంటి పల్లె ఆడవాళ్ళే.

ఆ అక్క పోయినాక మేం పదిమందిమీ కలిసి పోయి పరీక్ష చేయించుకున్నాం. కొన్ని నిమిషాల పని. ఒకరికి తేడా తేలింది, చికిత్స అయింది, ఈరోజు ఈ సభలోనే కూచోనుంది.

30 దాటినవాళ్ళం ఐదేండ్లకోసారి పరీక్షకు పోదాం. తెల్లబట్ట ఎక్కువైనా, మధ్యలో రక్తం కనబడినా ఏఎన్ఎం అమ్మకు చెబుదాం. మీటింగులో పొదుపు ఒక్కటే కాదు, "ఒళ్ళు బాగుందా అక్కా?" అని కూడా అడుగుదాం.