పావలా బాకీ
(పిల్లలకు పాప విమోచన బోధ గురించి ఒక స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేసిన కుటుంబం ఒకే ఒక్క షరతు పెట్టింది. ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసమో ఆ అమ్మగారి పేరు కరపత్రం మీద గానీ, రేపు అచ్చయ్యే పుస్తకంలో గానీ వేయకూడదు. బతికుండగా ఆవిడ కోరుకున్నదే అది. కాబట్టి నేనూ మా పల్లెలో అందరూ పిలిచినట్టు టీచరమ్మగారనే అంటాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాది గుంటూరు జిల్లాలో లూథరన్ పల్లె. ఒక ఆదివారం కానుకల సంచి నా చేతికిచ్చి వరుసల మధ్య తిప్పమన్నారు. తిప్పి తెచ్చేలోగా అందులోని ఒక పావలా నా లాగు జేబులోకి చేరింది. జీళ్లు కొనుక్కున్నాను. వాటి రుచి గుర్తులేదు గానీ ఆ రాత్రి గుర్తుంది. అంతకు కొన్ని వారాల ముందే ఎవరో వచ్చి మాకు రంగుల పుస్తకం చూపించి వెళ్లారు. మొదటి పేజీ నలుపు. ‘ఇదీ నీ హృదయం’ అన్నారు. లాంతరు వెలుగులో నా చేతులు చూసుకున్నాను. అవీ నల్లగానే ఉన్నాయి. లోపలి నలుపు పైకి తేలిందనుకుని దుప్పటి ముసుగేసుకున్నాను.

మరుసటి ఆదివారం టీచరమ్మగారి పాఠం సుంకరి జక్కయ్య కథ. మేడిచెట్టు ఎక్కిన పొట్టివాడంటే పిల్లలందరికీ ఇష్టమే. నాకు మాత్రం ఆయన అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న చోట గొంతు తడారిపోయింది. పావలాకు నాలుగింతలంటే రూపాయి. మా ఇంట్లో రూపాయి కనబడేది సంత రోజునే. బడి వదిలాక అందరూ వెళ్లేదాకా ఆగి, ఏడుస్తూ చెప్పాను. రూపాయి లేదన్నాను.

ఆవిడ దొంగా అనలేదు. పోనీలే అని కూడా అనలేదు. ‘అన్నం తిన్నావా?’ అనడిగి, లోపలికి తీసుకెళ్లి పెట్టింది. తింటుండగా అడిగింది: ‘జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నది ఎప్పుడురా? ప్రభువు వాళ్లింటికి వస్తానన్నాకా, అనక ముందా?’ అన్నాకే అన్నాను. ‘మరి ఇస్తానన్నందుకు వచ్చాడా?’ కాదన్నాను. ‘అదిరా సంగతి. రూపాయి వద్దు. పావలా మాత్రం తెచ్చివ్వాలి, అది అందరి కానుక’ అంది. పొరుగువాళ్ల గేదెను కాసి, వారానికి ఐదు పైసల చొప్పున ఐదు ఆదివారాలు ఆ సంచిలోనే వేశాను.

ఆ తర్వాత నేను బైబిలు పాఠశాలలో చదివాను, నలభై ఏళ్లు పిల్లలకు బోధించాను. పాప విమోచన గురించి ఆ అన్నం కంచం దగ్గర విన్నదానికి మించి నేను నేర్చుకున్నది తక్కువ. ప్రభువు ముందు ఇంటికొస్తాడు, లెక్క ఆ తర్వాత తేలుతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు మనం తరచు ఈ వరుసను తలకిందులు చేస్తున్నాం. నా బాధంతా అదే.

వరుస గురించే ఇంకొంచెం చెప్పనివ్వండి. మన లూథరన్ సంఘాలకు పేరిచ్చిన మార్టిన్ లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. అంతకు ముందు సాక్సనీ ఊళ్లు తిరిగి, జనానికే కాదు, కొందరు పాదిరులకు కూడా విశ్వాసపు ఓనమాలు రావని చూసి దిగులుపడి, ఇంటి పెద్ద తన ఇంట్లో వాళ్లకు నేర్పుకోవడానికి రాసిన పుస్తకమది. 1740 దశకంలో జర్మనీలోని హాలే పట్టణంలో మిషనరీ బెంజమిన్ షుల్జ్ దాన్ని తెలుగులో అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పుకునే వాటిలో అదొకటి. మన అక్షరాలు అచ్చెక్కిన తొలి రోజుల్లోనే ఇంట్లో పిల్లలకు విశ్వాసం నేర్పే పుస్తకం ఒకటుందన్నమాట. అందులో ముందు పది ఆజ్ఞలు, ఆ తర్వాత విశ్వాస ప్రమాణం. మనవాళ్లు ఆ క్రమాన్నే పట్టుకుని ముందు తప్పులు, తర్వాత క్షమ అని బోధిస్తూ వచ్చారు. కానీ నిర్గమకాండం తెరిచి చూడండి. ఆజ్ఞలు ఇవ్వబోతూ దేవుడు మొదట గుర్తుచేసేది దాస్యపు ఇంటి నుంచి వాళ్లను బయటికి తెచ్చిన సంగతే. ఎర్ర సముద్రం దాటడం ముందు, ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ తర్వాత. విడుదలైన వాళ్లకే ఆజ్ఞలు.

ఇక ఆ రంగుల పుస్తకం. 1866 జనవరిలో లండన్‌లో బాప్తిస్టు బోధకుడు స్పర్జన్ తన ప్రసంగంలో ఒక ముసలి పాదిరి దగ్గరుండే అక్షరాల్లేని పుస్తకం గురించి చెప్పాడు. అందులో మూడే పేజీలు: నలుపు, ఎరుపు, తెలుపు. 1875లో అమెరికా సువార్తికుడు మూడీ బంగారు రంగు చేర్చాడు. తర్వాత ఆకుపచ్చ వచ్చింది. చదువురాని వాళ్లకు కూడా సువార్త అందించిన ఆ పుస్తకాన్ని నేను తేలిగ్గా తీసేయను. కానీ నల్లని పిల్లల ముందు నల్లని పేజీ పట్టుకుని ఇదే పాపం అనేటప్పుడు మన చెయ్యి వణకాలి. యెషయా మొదటి అధ్యాయంలో పాపానికి చెప్పిన రంగు ఎరుపు, రక్తవర్ణం. పరమగీతంలో ఆ యువతి తాను నల్లనిదాన్నని, సౌందర్యవతినని ఒకే ఊపిరిలో చెప్పుకుంటుంది. లేఖనాల్లో చీకటి అనే పోలిక ఉంది, నిజమే. చీకటి అంటే వెలుగు లేకపోవడం. అది ఏ బిడ్డ ఒంటి రంగూ కాదు.

ఈ మాట మీద నేనింత పట్టుబట్టడానికి కారణముంది. తెలుగు సంఘాల్లో ఎక్కువమంది ఎవరి మనుమలు? 1878 జులైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. తరతరాలుగా వాళ్లకు పుట్టుకే పాపఫలమని చెప్పారు. పూర్వజన్మలో ఏదో చేశారు కాబట్టి ఈ పల్లెలో పుట్టారన్నారు. బావి దగ్గరికి రానివ్వలేదు. అలాంటి వాళ్ల బిడ్డలకు మనం జన్మపాపం అనే మాట చెబుతున్నాం. ఆ పసి చెవికి ఇదీ అదీ ఒకటిగానే వినిపిస్తాయి. అవి ఒకటి కావని విడమర్చి చెప్పాల్సింది మనమే. పూర్వజన్మ పాపమన్న మాట కొందరిని కింద, కొందరిని పైన కూర్చోబెట్టింది. పౌలు రోమీయులకు రాసినదాంట్లో అందరూ పాపం చేశారు. దొరా, కూలీ, పాదిరీ, పిల్లాడూ ఒకే చాప మీద కూర్చున్నారు. అందరినీ ఉచితంగా నిలబెట్టే కృప కూడా ఒక్కటే.

పోలియో వచ్చి కాలు ఈడ్చే పిల్ల నేను పాఠం చెప్పే క్లాసులో ఉండేది. ‘మా అమ్మ ఏం పాపం చేసిందో’ అని ఆ పిల్లే అంది. పెద్దల నోట విన్నదే. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డి మనిషిని చూసి శిష్యులు అడిగిందీ ఇదే. వీడు చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. ఆ పాఠం ఆరోజు కార్యక్రమంలో లేదు. అయినా ఆరోజు అదే చెప్పాను. అలాంటి పిల్లకు విడుదలంటే ముందు తనది కాని పాపం నుంచి విడుదల.

మన భాషలో ఒక అందముంది. తప్పు చేస్తే పాపమంటాం, దెబ్బ తగిలినవాణ్ని చూసినా అయ్యో పాపమంటాం. టీచరమ్మగారు ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో పలికేది. నేను ఏడుస్తూ నిలబడ్డప్పుడు ఆవిడ ముఖంలో నేను చూసింది రెండో పాపమే. దాని వల్లే మొదటిది ఒప్పుకోగలిగాను.

యోహాను ఎనిమిదో అధ్యాయంలో పాపం చేసేవాడు పాపానికి దాసుడన్న మాట పిల్లలకు కంఠతా వస్తుంది. దాని పక్కనే ఉన్న మాట దాటేస్తాం. దాసుడు ఇంట్లో ఎప్పుడూ ఉండడు, కుమారుడు ఉంటాడు. అబద్ధమాడాననో, చెల్లిని కొట్టాననో ఒక బిడ్డ సండే స్కూల్ టీచర్లయిన మీ దగ్గరికి వస్తే, జీతగాడిలా వాకిట్లో నిలబెట్టకండి. కొడుకులా లోపలికి పిలవండి. తీసుకున్న వస్తువు తిరిగి ఇప్పించండి, చెల్లిని క్షమాపణ అడిగించండి. అది తప్పించకూడదు. మీరు క్లాసులో అనవసరంగా కోప్పడి ఉంటే, వచ్చే వారం ఆ పిల్లాడి పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ మీరే క్షమించమని అడగండి. నేను ఇది నలభై ఏళ్లలో రెండుసార్లే చేయగలిగాను. ఎక్కువసార్లు చేయాల్సింది.

వేసవిలో పిల్లల బైబిలు బడి (వి.బి.ఎస్.) చివరి రోజున పాపాలు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అంటాం. చేతులు లెక్కపెట్టి నివేదికలో రాస్తాం. ఆ గుంపులో పోయినేడాది ఎత్తిన చేయి, అంతకు ముందటేడు ఎత్తిన చేయి మళ్లీ లేస్తుంది. అది మనకు మరో అంకె. ఆ బిడ్డకు మాత్రం మూడేళ్లుగా తీరని భయం. ఈ వేసవిలో ఆ చేతిని గుర్తుపట్టండి. మీటింగు అయ్యాక పిల్లలందరికీ భోజనాలు వడ్డిస్తారు కదా, ఆ బిడ్డ పక్కన విస్తరి వేసుకుని కూర్చోండి.