గాజు గోడకు అటూ ఇటూ
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శి గారు నన్ను అమెరికా ప్రయాణ విశేషాలు చెప్పమన్నారు. నయాగరా గురించి ఈ వేదిక మీద ఇప్పటికే ముగ్గురు చెప్పారు గనుక, నేను వేరే సంగతి మనవి చేస్తాను.

నేను రేడియోలో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. స్టూడియోకూ కంట్రోల్ రూముకూ మధ్య ఒక గాజు గోడ ఉండేది. అటు విద్వాంసులు, ఇటు మేము. ఒకసారి ఒక వైణికురాలు మధ్యలో ఆపి, "బాబూ, నా వీణ నాకే పల్చగా వినబడుతోంది. ఈ గదిలో ప్రాణం లేదు" అన్నారు. నేను మీటరు చూసి "అంతా సరిగ్గానే ఉందమ్మా" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. మళ్లీ వీణ అందుకున్నారు.

కాలిఫోర్నియాలో ఉన్న మా మనవరాలు ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకుంది. కాలేజీలో కంప్యూటరూ సంగీతమూ కలిపి చదువుతానంది. మావాడూ నేనూ ఒక పక్షం. "సంపాదనకు కంప్యూటరు, సాయంత్రాలకు సంగీతం" అని ఫోనులో తీర్పు చెప్పింది నేనే. "తాతయ్యా, మీరొచ్చాక ఒక చోటు చూపిస్తాను, అప్పుడు చెప్పండి" అంది. పోయిన ఏడాది వెళ్లినప్పుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లింది. అక్కడ కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రం ఉంది. 1975లో మొదలైంది. దాని పొడి అక్షరాలు కలిపి 'కర్మ' అని పిలుస్తారు. "నా కర్మ" అన్నాను. పిల్ల నవ్వలేదు.

ఆ కేంద్రాన్ని నెలకొల్పినవారిలో ముఖ్యుడు జాన్ చౌనింగ్. ఇంజనీరు కాదు, సంగీత విద్యార్థి, డ్రమ్ములు వాయించేవాడు. 1957లో బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ కంప్యూటరు చేత రాగం పలికించాడు. ఆయన వ్యాసం చదివి చౌనింగ్ 1964లో అక్కడికి వెళ్లి, ఒక పెట్టెడు పంచ్ కార్డులు తెచ్చుకున్నాడు. మనలో పాతవారికి ఆ కార్డులు గుర్తుండే ఉంటాయి, ఒకటి తారుమారైతే రోజంతా వృథా!

వయొలిన్ మీద వేలు ఊపితే స్వరం కొద్దిగా పైకీ కిందికీ ఊగుతుంది కదా, సెకనుకు ఐదారు సార్లు. చౌనింగ్ 1967లో ఆ ఊపును కంప్యూటరులో పెంచుతూ పోయాడు. సెకనుకు వందల సార్లకు చేరాక, చెవికి ఊగడం తెలియడం మానేసింది. దాని బదులు గంట మోగినట్టు, ఇత్తడి వాద్యం ఊదినట్టు ఒక కొత్త నాదం వినబడింది. మిత్రులారా, ఇది ఎఫ్.ఎమ్.! ట్రాన్స్‌మిటరులో మేము వాడే సూత్రమే. ఆ గణితం ఇంజనీర్లకు దశాబ్దాలుగా తెలుసు. దానిలో వాద్యం ఉందని పట్టుకున్నది మాత్రం సంగీతం తెలిసిన చెవి. విశ్వవిద్యాలయానికి 1977లో పేటెంటు వచ్చింది. యమహా కంపెనీ ఆ పద్ధతితో 1983లో డి.ఎక్స్.7 అనే వాద్యం తెచ్చింది. విశ్వవిద్యాలయానికి రెండు కోట్ల డాలర్లకు పైగా వచ్చిందంటారు. సంపాదన గురించి నేనిచ్చిన తీర్పు అక్కడ కొంచెం సడలింది.

ఇప్పుడు కళ్లకు పరికరం తగిలించుకుని తల తిప్పితే చుట్టూ దృశ్యం మారుతుంది. తలతో పాటు ధ్వని కూడా చోటు మారకపోతే అది బొమ్మే అనిపిస్తుంది. చౌనింగ్ 1971లోనే, నాలుగు స్పీకర్ల మధ్య శబ్దం తిరుగుతున్నట్టు వినిపించే పద్ధతి ప్రచురించాడు. కానీ నన్ను కూర్చోబెట్టింది ఇంకొకటి.

ఇస్తాంబుల్‌లో 537లో కట్టిన హేగియా సోఫియా ఉంది. లోపల శబ్దం చేస్తే మోత పది సెకన్లకు పైగా నిలుస్తుంది. అది మ్యూజియంగా ఉన్న రోజుల్లో లోపల పాడనిచ్చేవారు కాదు. (2020 నుంచి మళ్లీ మసీదు.) కళా చరిత్ర ఆచార్యురాలు బిసెరా పెంచెవా, 'కర్మ'లోని ధ్వని శాస్త్రవేత్త జొనాథన్ ఏబెల్ ఒక ఉపాయం చేశారు. లోపల బెలూన్లు పగలగొట్టి ఆ చప్పుడు రికార్డు చేశారు. ఒక్క 'టప్' శబ్దాన్ని ఆ గోడలు, ఆ గుమ్మటం ఎలా తిప్పి పంపుతాయో తెలిస్తే, ఏ పాటనైనా అదే లెక్కలో వేయవచ్చు. 2013లో స్టాన్‌ఫర్డ్ హాలులో కపెల్లా రొమానా బృందం పాడుతుంటే, చుట్టూ అమర్చిన స్పీకర్లలోంచి ఆ కట్టడం పలికింది. మా మనవరాలు వారి రికార్డింగు హెడ్‌ఫోన్లతో వినిపించింది. పాట ఆగాక కూడా మోత ఆగలేదు. నాకు ఆ వీణ గుర్తొచ్చింది. ఆమె అడిగింది మీటరు రీడింగు కాదు, గది.

మన సంగీతం మాటేమిటని అడిగాను. 'కర్మ'లో పరిశోధన చేసి 1989లో డాక్టరేటు పొందిన షవియేర్ సెర్రా, బార్సిలోనా నుంచి 2011-2017 మధ్య ఒక పెద్ద ప్రాజెక్టు నడిపారు. అందులో కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలూ ఉన్నాయి. మద్రాసు ఐ.ఐ.టి. వారూ పాల్గొన్నారు. స్వరం పియానో మెట్టులా ఒకచోట నిలబడుతుందనుకునే ప్రోగ్రాము మన గమకం దగ్గర తెల్లమొహం వేస్తుంది. గమకం తెలిసినవారు పక్కన కూర్చోక తప్పదు.

తిరుగు ప్రయాణానికి ముందు మావాడితో "చదవనీరా" అన్నాను. "మీరేగా వద్దన్నారు నాన్నా" అన్నాడు. ఔను, నేనే. పిల్ల వేరే విశ్వవిద్యాలయంలో ఆ చదువులోనే చేరింది. ఉద్యోగం సంగతి ఏమవుతుందో నాకు తెలియదు, దాని నాన్నమ్మకు ఇప్పటికీ బెంగే.

ఈ మధ్య ఫోను చేసి, మన ఊరి గుడి మండపంలో బెలూన్ పగలగొట్టి రికార్డు చేసి పంపమంది. కార్యనిర్వహణాధికారి గారికి అర్జీ పెట్టాను. అర్చకుల వారు "బెలూనా?" అని రెండుసార్లు అడిగారు. ఆ వైణికురాలు ఇప్పుడు లేరు. వారి అమ్మాయి దగ్గర ఆనాటి క్యాసెట్టు ఒకటి ఉంది, ఇస్తామన్నారు. గది మోత కలవని నాదమే ఈ పనికి కావాలట. మా ప్రాణం లేని గదిలో చేసిన రికార్డింగు సరిగ్గా పనికొస్తుందని మనవరాలు అంటోంది. అర్జీకి ఇంకా జవాబు రాలేదు. సభ్యులలో దేవాదాయ శాఖలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక ఒక్కసారి నన్ను కలవవలసిందిగా కోరుతున్నాను.