మోదుగుపూవు - వలయబంధము



వ్యాకరణము చెప్పి బ్రదికినవాడను రసాయనశాస్త్రము మాటలాడుట వింతయే. కారణ మొకటి కలదు. మా యూరి పెద్ద యొకరు, తన మనుమడు వాల్తేరులో చాల్కోనులు చేయుచున్నాడని విని, "ఇది చదువా, అద్దకపు పనియా? వానిని మాన్పించి పొలమునకు పిలుతునా?" యని నన్నడిగిరి. నాకు బదులు తోచలేదు. వాల్తేరు పోయి, ఆ పిల్లవానినే యడిగి నేర్చుకొంటిని.

మోదుగుపూవు మీ రెఱిగినదే. గంధము లేదని కవులు దాని నీసడించిరి. దానిని కాచి ఫాల్గునమున వసంతము చల్లుకొందుము. ఆ నీటిలో సున్నపుతేట కలిపిన రంగు ముదురునని స్త్రీలకు దెలియును. ఏల ముదురునో నిఘంటువులలో లేదు, వెదకితిని.

ఆ పూవున బ్యుటీయిన్, బ్యుటిన్ అనునవి చక్కెరతో గూడి యుండును. రెంటను 15 కర్బన, 12 ఉదజని, 5 ఆమ్లజని పరమాణువులే. అక్షరము లవియే, సంధి వేఱు. బ్యుటీయిన్ చాల్కోను జాతిది: ఆఱేసి కర్బనముల వలయములు రెండు, నడుమ మూడు కర్బనముల వంతెన. దీనికి నారింజవన్నె కలదు. ఒక వలయమున వంతెన ప్రక్కనున్న ఆమ్లజని ఆవలికొనను పట్టుకొన్నచో మూడవ వలయ మేర్పడును. అదియే బ్యుటిన్, దానికి రంగు లేదు. క్షారముతో కాచిన వలయము విడివడి వన్నె మరల వచ్చును. ఇట్లు కర్బనముల పంక్తిలో అన్యగోత్రుడు కూర్చున్న వలయమును విజాతీయ వలయ మందురు.

గ్రీకుభాషలో రాగిని చాల్కోసందురు. చాల్కోను పేరు దానినుండి వచ్చినది. చేదుబాదము వాసనగల బెంజాల్డిహైడును, అసిటోఫినోనును స్పిరిటులో కలిపి, కాస్టిక్ సోడా చేర్చిన లేతపసుపు పలుకులుగా దిగును. వానిని హైడ్రజీనుతో కాచిన రెండు నత్రజనులుగల పంచవలయము, పైరజోలిను, పుట్టును.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1949 వఱకు రసాయనశాఖను నడపిన తిరువేంకట రాజేంద్ర శేషాద్రిగారు మాంచెస్టరులో రాబిన్సను పండితునొద్ద చదివి వచ్చి, మన ప్రత్తిపూలను, మోదుగుపూలను శోధించిరి. 1942లో జపానువారు విశాఖపై బాంబులు వేయగా విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. అచ్చటను పని యాగలేదు. 1960లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా గైకొనెను.

పెద్దగారికి నివి యన్నియు జెప్పితిని. "వీనిలో మందు కలదా?" యనిరి. "సూక్ష్మజీవులపై పరీక్షింతురు, పెక్కింట నేమియు తేలదు" అంటిని. కొంతసే పూరకుండిరి. మనుమడు మోదుగుపూలు పంపుమని వ్రాసియుండెను. మఱునాడు తామే దగ్గఱనుండి గంపెడు కోయించి రైలులో పంపిరి.