పన్నెండు మెట్ల కిన్నెర

వాద్యబృందం లేకుండా ఒక్క మనిషి సాయంత్రమంతా మనల్ని కూర్చోబెట్టగలడా? దర్శనం మొగిలయ్యగారిని కొద్దిమందిమి చాపల మీద కూర్చుని విన్నాం. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, పన్నెండు మెట్లు - అంతే! ఆయన పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే, పాశమైలారం మిషన్ల రొదకు అలవాటుపడ్డ నా చెవులకు ప్రాణం లేచి వచ్చింది.

'భీమ్లా నాయక్' పాటలో ఆ గొంతు 2021లో ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అయినా 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారన్న వార్త చదివి మనసు చివుక్కుమంది. షిఫ్టులు చేసే మనకు కూలి విలువ ఒకరు చెప్పాలా? కళాకారుణ్ణి పిలిస్తే చప్పట్లతో, శాలువాతో సరిపెట్టకండి. పాటా పనేనమ్మా! ముందు ఆ కష్టానికి తగిన డబ్బు చేతిలో పెట్టి, తర్వాత వినండి.